ఎన్ని లైన్లు చాలు? లెక్క తేల్చిన ఎర్లాంగ్

ఆపరేషన్స్, కెపాసిటీ ప్లానింగ్ ఉద్యోగాలకు ఇంటర్వ్యూకి వెళ్తే మీకు ఇలాంటి ప్రశ్న ఎదురుకావచ్చు. గంటకు 20 కాల్స్ వస్తాయి, ఒక్కోటి 3 నిమిషాలు, ఎంతమంది కావాలి? చాలామంది టక్కున గుణించేస్తారు. మొత్తం 60 నిమిషాల పని, కాబట్టి ఒక్కరు చాలు అంటారు. ఈ జవాబు ఎంత తప్పో నూరేళ్ల కిందటే లెక్కగట్టి చూపించిన మనిషి అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్. ఈసీఈ చదివినవాళ్లకు ఆ పేరు ఒక యూనిట్‌గా తెలుసు. ఆ మనిషి ఎవరో మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

1878 జనవరి 1న డెన్మార్క్‌లోని లోన్‌బోర్గ్ అనే పల్లెలో పుట్టారాయన. తండ్రి ఊరి బడిపంతులు. యూనివర్సిటీకి అర్హత పరీక్ష రాయడానికి వయసు చాలకపోతే, ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 14 ఏళ్లకే రాసి డిస్టింక్షన్‌లో పాసయ్యారు. వెంటనే పట్నం వెళ్లిపోలేదు. రెండేళ్లు తండ్రి బడిలోనే పాఠాలు చెప్పారు. ఆ తర్వాత కోపెన్‌హేగన్ యూనివర్సిటీలో గణితం చదివి 1901లో ఎంఏ పూర్తిచేశారు. మళ్లీ ఏడేళ్లు టీచర్ ఉద్యోగమే!

మరి టెలిఫోన్ కంపెనీలోకి ఎలా వచ్చారు? గణితం ఇష్టపడేవాళ్ల సంఘం సమావేశాలకు వెళ్లేవారు. అక్కడ పరిచయమైన యోహాన్ జెన్సెన్ కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో చీఫ్ ఇంజినీర్. మెషీన్ లెర్నింగ్ చదివేవాళ్లకు జెన్సెన్ అసమానత గుర్తొచ్చిందా? ఆ జెన్సెనే. ఆయన పిలుపుతో 1908లో, 30 ఏళ్ల వయసులో ఎర్లాంగ్ కంపెనీలో చేరారు.

అప్పటి ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు చేత్తో లైన్లు కలిపేవారు. లైన్లు ఎక్కువ వేస్తే రాగి తీగల ఖర్చు. తక్కువ వేస్తే కస్టమర్‌కి కోపం. ఎన్ని వేయాలి? అదే అసలు సమస్య. చిక్కంతా ఎక్కడుందంటే, కాల్స్ వరుసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు. ఐదు నిమిషాలు ఒక్కటీ ఉండదు, ఆ వెంటనే నాలుగు ఒకేసారి మోగుతాయి. ఇలా యాదృచ్ఛికంగా వచ్చే కాల్స్ పాయిసాన్ పంపిణీని అనుసరిస్తాయని ఎర్లాంగ్ 1909లో చూపించారు. 1917లో రెండు సూత్రాలు ప్రచురించారు. లైన్ ఖాళీ లేక ఎన్ని కాల్స్ పోతాయో ఒకటి చెబుతుంది. క్యూలో పెడితే ఎంతసేపు ఆగాలో రెండోది చెబుతుంది. బ్రిటిష్ పోస్టాఫీసు కూడా తన టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఆయన సూత్రాన్ని తీసుకుంది.

ఇప్పుడు మన 20 కాల్స్ సంగతి చూద్దాం. ఒక్క లైనే ఉంటే సగం కాల్స్ పోతాయి. మూడుంటే వందలో ఆరు. వందలో ఒకటికి మించి పోకూడదంటే అయిదు లైన్లు కావాలి. ఇలాంటి ఎక్స్ఛేంజీలు పది వేర్వేరుగా ఉంటే 50 లైన్లు. అదే లోడంతా ఒకచోట కలిపేస్తే? 18 చాలు! కంపెనీలు చిన్న చిన్న టీమ్‌లను కలిపి ఒక పెద్ద పూల్ చేయడం వెనుక ఉన్న లెక్క ఇదే.

రెండో సూత్రం ఇంకా గట్టిగా చెంప మీద కొడుతుంది. ఒక్కరే మనిషి, సగటున 3 నిమిషాల కాల్స్ అనుకోండి. అతను 80 శాతం సమయం బిజీగా ఉంటే కస్టమర్ సగటున 12 నిమిషాలు ఆగాలి. 90 శాతమైతే 27 నిమిషాలు. 95 శాతమైతే 57. స్టాఫ్‌ని నూటికి నూరు శాతం బిజీగా ఉంచడమే ఎఫిషియెన్సీ అనుకునే మేనేజర్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల క్యాబిన్‌లో ఈ అంకెలు అంటించాలనిపిస్తుంది నాకైతే. ఖాళీగా కనిపించే ఆ కాస్త సమయమే క్యూ పెరిగిపోకుండా ఆపుతుంది.

ఎర్లాంగ్ కాగితం మీది లెక్కలకే పరిమితమైన మనిషి కాదు. చేరిన కొత్తలో ల్యాబ్ సిబ్బంది లేకపోతే, నిచ్చెన మోసే ఒక పనివాణ్ని వెంటబెట్టుకుని నగర వీధుల్లో మ్యాన్‌హోళ్లలోకి దిగి కొలతలు తీసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలాభాగం పుస్తకాలకు పోయేది. సాయం అడుగుతూ ఆఫీసుకొచ్చిన పేదలకు ఎవరికీ తెలియకుండా ఇచ్చేవారు. దాదాపు 20 ఏళ్ల ఉద్యోగంలో జబ్బు చేసిందని సెలవు పెట్టలేదంటారు. 1929 జనవరిలో కడుపు ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరి, ఫిబ్రవరి 3న చనిపోయారు. అప్పటికి 51 ఏళ్లు. 1946లో టెలిఫోన్ ట్రాఫిక్ కొలమానానికి ఆయన పేరు పెట్టారు. గంటంతా ఒక లైన్ నిండా వాడితే ఒక ఎర్లాంగ్. తర్వాత ఎరిక్సన్ కంపెనీ తయారుచేసిన ప్రోగ్రామింగ్ భాష పేరూ అదే. వాట్సాప్ సర్వర్లు నడిచింది దాని మీదే.

ఎక్సెల్ తెరిచి మీరే వేసి చూడండి. సున్నా లైన్లకు నష్టం 1తో మొదలుపెట్టండి. ప్రతి లైన్ పెరిగినప్పుడూ లోడ్‌ని ముందటి నష్టంతో గుణించండి. వచ్చినదాన్ని, దానికే లైన్ల సంఖ్య కలిపిన మొత్తంతో భాగించండి. గంటకు 30 కాల్స్, ఒక్కోటి 4 నిమిషాలు, అంటే లోడ్ 2 ఎర్లాంగ్‌లు. వందలో ఒకటికి మించి పోకూడదంటే ఎన్ని లైన్లు? 7 రావాలి.