ఓడ అడుగున: జాన్ న్యూటన్ జీవితం

'అమేజింగ్ గ్రేస్' పాట వినని వాళ్లు మనలో తక్కువే. చర్చికి వెళ్లని వాళ్లు కూడా ఏదో సినిమాలోనో, గిటార్ నేర్చుకునే రూమ్మేట్ పుణ్యమా అనో విని ఉంటారు. ఆ పాట వెనక కథ అంటూ ఒకటి ఫార్వర్డ్ అవుతూ ఉంటుంది. బానిసల్ని మోసే ఓడ కెప్టెన్ ఒకడు తుఫానులో చిక్కుకున్నాడు, దేవుణ్ణి పిలిచాడు, బతికాడు, ఆ రోజే బానిసల్ని వదిలేసి పాట రాశాడు. కథ బాగుంది. కానీ అలా జరగలేదు. జరిగింది చాలా నెమ్మదిగా జరిగింది. తేదీలు పక్కపక్కన పెట్టుకుని చదివితే నాకు తుఫాను కంటే ఆ నెమ్మదే ఎక్కువ భయం పుట్టించింది.

జాన్ న్యూటన్ 1725లో లండన్‌లోని వాపింగ్‌లో పుట్టాడు. (మన ఫిజిక్స్ న్యూటన్ వేరు. ఆయన పోయేనాటికి ఈ పిల్లాడికి రెండేళ్లు కూడా లేవు.) తండ్రి ఓడ కెప్టెన్, ఎప్పుడూ సముద్రం మీదే. తల్లి ఎలిజబెత్ భక్తిపరురాలు. పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు, కీర్తనలు కంఠతా పట్టించింది. కొడుక్కి ఏడేళ్లు నిండకముందే క్షయతో చనిపోయింది. పదకొండో ఏట తండ్రితో ఓడెక్కాడు. అక్కణ్ణుంచి తల్లి నేర్పినవన్నీ ఒక్కొక్కటిగా వదిలేశాడు.

1744లో నౌకాదళం వాళ్లు అతన్ని బలవంతంగా పట్టుకుపోయారు. అప్పట్లో ఇంగ్లండులో అది మామూలే. యుద్ధనౌక 'హార్విచ్' నుంచి పారిపోబోయి దొరికిపోయాడు, కొరడా దెబ్బలు తిన్నాడు. తర్వాత ఒక బానిస ఓడలోకి మారి, సియెర్రా లియోన్ తీరాన ప్లాంటేన్ దీవుల్లో ఒక తెల్ల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. ఆ వ్యాపారితో ఉండే ఆఫ్రికన్ మహిళకు ఇతనంటే గిట్టలేదు. జ్వరంతో పడి ఉంటే గుక్కెడు నీళ్లకూ కరువే. అక్కడి బానిసలు తమకు పెట్టిన తిండిలోంచే చాటుగా ఇతనికి కొంత ఇచ్చారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంజనీరింగ్ వాళ్లం కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ దీవిలో అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క పుస్తకం యూక్లిడ్ జ్యామితి. ఒంటి మీద సరైన బట్ట లేదు, కడుపులో తిండి లేదు. సముద్రం ఒడ్డున ఇసుకలో పొడవాటి కర్రతో బొమ్మలు గీసుకుంటూ మొదటి ఆరు భాగాలూ సొంతంగా నేర్చుకున్నాడు. నాకు ఈ మనిషి మీద మొదట ఇష్టం కలిగింది ఇక్కడే. ఇంత పదునైన బుర్ర ఉన్నవాడు ఇంకో విషయాన్ని అన్నేళ్లు ఎలా చూడలేకపోయాడన్న ప్రశ్న కూడా ఇక్కడే మొదలైంది.

తండ్రి అడిగిన మీదట 'గ్రేహౌండ్' అనే ఓడ కెప్టెన్ అతన్ని వెతికి ఎక్కించుకున్నాడు. 1748 మార్చిలో ఉత్తర అట్లాంటిక్‌లో తుఫాను. ఓడ పక్కభాగం చీలిపోయింది. అందరూ పంపుల దగ్గర నిలబడి నీళ్లు తోడారు. కెరటం కొట్టుకుపోకుండా న్యూటన్ తాడుతో కట్టుకుని పంపు కొట్టాడు, ఇక చేతకాక చుక్కాని పట్టాడు. దేవుడు కరుణించాలన్న మాట ఏ ఆలోచనా లేకుండా నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక అతనే ఉలిక్కిపడ్డాడు, నాలాంటివాడికి ఏం కరుణ ఉంటుందని. దాదాపు నెల తర్వాత ఓడ ఐర్లండ్ తీరం చేరింది. ఆ తుఫాను తేదీని జీవితాంతం ఏటా ప్రార్థనతో గడిపాడు.

ఫార్వర్డ్ కథ ఇక్కడ ఆగిపోతుంది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఎందుకంటే మారుమనస్సు పొందిన కొద్ది నెలలకే న్యూటన్ ఒక బానిస ఓడలో మేట్‌గా చేరాడు. 1750లో తను ప్రేమించిన మేరీని పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది 'డ్యూక్ ఆఫ్ ఆర్గైల్' ఓడకు కెప్టెన్ అయ్యాడు. తర్వాత 'ఆఫ్రికన్' ఓడ మీద మరో రెండు ప్రయాణాలు. ఇవన్నీ తుఫాను తర్వాతే!

పైగా ఆ రోజుల్లో అతని భక్తి నటన కాదు. ఆదివారాలు నావికుల్ని కూర్చోబెట్టి ప్రార్థన చేయించేవాడు. బూతులు మానేశాడు. లాటిన్ చదువుకున్నాడు. డైరీ రాస్తూ తనను తాను పరీక్షించుకునేవాడు. ప్రార్థనలో మనసు చెదరడం, సమయం వృథా చేయడం, దేవుడి కంటే భార్యను ఎక్కువ ప్రేమించడం లాంటివన్నీ పాపాలుగా లెక్కేసుకుని బాధపడేవాడు. అదే ఓడకు ఇంకో పుస్తకం ఉంది, లాగ్‌బుక్. అందులో ఎంతమందిని కొన్నారు, ఎవరు చనిపోయారు, తిరగబడాలని చూసిన వాళ్లకు వేసిన శిక్షలేంటి అనేవి ఉంటాయి. బొటనవేళ్లను బిగించే ఇనుప మరలు వాడిన సంగతి కూడా ఉంది. రెండూ రాసిన చెయ్యి ఒక్కటే.

పై డెక్ మీద ప్రార్థన. కింద జతలు జతలుగా సంకెళ్లు వేసిన మనుషులు. ఆ అడుగు భాగం ఎలా ఉండేదో తర్వాత అతనే వివరించాడు. వంద టన్నుల ఓడలో 220 నుంచి 250 మంది. కింది గది ఎత్తు అయిదడుగులకు అటూ ఇటూ. దాన్ని కూడా మధ్యలో అడ్డంగా బల్ల వేసి రెండు అంతస్తులు చేసేవాళ్లు. అరలో పుస్తకాలు సర్దినట్టు మనుషుల్ని ఆనించి పడుకోబెట్టేవాళ్లు. ఈ లెక్కలు చదివి నేను హాస్టల్ బంక్ బెడ్ వైపు చూశాను, ఇంకేమీ అనలేకపోయాను.

చివరి ప్రయాణం 1754లో ముగిసింది. ఆ ప్రయాణంలో నావికుల్లో గానీ బానిసల్లో గానీ ఒక్కరూ చనిపోలేదు. లివర్‌పూల్ చర్చిల్లో దీనికి కృతజ్ఞతలు చెల్లించాడు. ఎవరూ విచిత్రంగా చూడలేదు. అదే నాకు ఈ జీవితం మొత్తంలో మింగుడుపడని చోటు. దాచిపెట్టిన పాపం అంటే మనం సాధారణంగా తలుపు గడియ వేసుకుని చేసేది అనుకుంటాం. ఇక్కడ తలుపే లేదు. ఊరంతా దాని మీదే బతుకుతోంది, చట్టం ఒప్పుకుంది, చర్చి తలూపింది. అలా పట్టపగలే కనపడకుండా పోయింది.

అప్పట్లో ఈ పని తప్పన్న అనుమానం తనకు రాలేదనీ, దేవుడు తనకు ఇచ్చిన ఉద్యోగమే అనుకున్నాననీ న్యూటన్ తర్వాత రాసుకున్నాడు. కానీ ఒక చిన్న ఇబ్బంది ఉండేది. తనొక జైలరులా ఉన్నాననిపించేది. ఎప్పుడూ గొలుసులతో, తాళాలతో పని. ఇంతకంటే మానవత్వమున్న పని చూపించమని దేవుణ్ణి అడుగుతూ ఉండేవాడు. 1754 నవంబరులో, మళ్లీ బయల్దేరాల్సిన రెండు రోజుల ముందు, ఇంట్లో టీ తాగుతుండగా మూర్ఛలాంటిది వచ్చి పడిపోయాడు. డాక్టర్లు సముద్రయానం వద్దన్నారు. అంతే, ఇక ఓడెక్కలేదు. నా లెక్కలో ఇది ఆ ప్రార్థనకు సగం జవాబు. పని పోయింది, చూపు మాత్రం ఇంకా రాలేదు.

తర్వాత లివర్‌పూల్‌లో కస్టమ్స్ ఉద్యోగం, గ్రీకు, హీబ్రూ చదువు, 1764లో ఓల్నీ అనే చిన్న ఊళ్లో పాదిరి పని. లేసులు అల్లుకుని బతికే పేదల ఊరు అది. ఆ ఏడాదే తన ఆత్మకథ అచ్చయింది. దైవదూషణ, తిరుగుబాటు అన్నీ అందులో ఒప్పుకున్నాడు. బానిస వ్యాపారం గురించి మాత్రం పశ్చాత్తాపం దాదాపు కనపడదు.

ఓల్నీలో కవి విలియం కౌపర్ స్నేహితుడయ్యాడు. ఇద్దరూ కలిసి రాసిన కీర్తనలు 1779లో పుస్తకంగా వచ్చాయి. మనకు తెలిసిన పాట 1773 జనవరి 1న ఓల్నీ ప్రార్థన కోసం రాసింది. గుడ్డివాడికి చూపు రావడం అందులో ఒక ముఖ్యమైన మాట. ఆ మాట రాసిన నాటికి తన జీవితంలోని అతి పెద్ద విషయం గురించి బయటికి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ పుస్తకంలోనే ఇంకో కీర్తన ఉంది, దాన్ని ఎవరూ గిటార్ మీద వాయించరు. విశ్వాసంలో ఎదగాలని ఒకడు దేవుణ్ణి అడుగుతాడు. ఏదో ఒక శుభఘడియలో పాపాలన్నీ అణిగిపోతాయని ఆశపడతాడు. దేవుడు దానికి బదులు అతని గుండెలో దాగిన చెడునంతా తవ్వి ముందు పెడతాడు. అడిగినవాడు బెదిరిపోతాడు. నీ ప్రార్థనకు జవాబు ఇదే అంటాడు దేవుడు. నాకైతే న్యూటన్ తన సంగతి తనకే పూర్తిగా తెలియకముందు రాసుకున్న కీర్తనలా అనిపిస్తుంది అది.

సొంత పరిశీలన మీద అతనికి నమ్మకం తక్కువ. క్రైస్తవ జీవితంలో మూడు దశల గురించి రాసిన లేఖల్లో, ముదిరిన విశ్వాసి అంటే పాపం అయిపోయినవాడు కాదని చెప్తాడు. తన గుండె ఎంత మోసగొట్టుదో బాగా తెలిసి, అందుకే దేవుడి మీద ఎక్కువ ఆనుకునేవాడు. హృదయాన్ని వెదికి చూడమని 139వ కీర్తన దేవుణ్ణే ఎందుకు అడుగుతుందో దీని తర్వాతే నాకు కొంచెం అర్థమైంది. డైరీ రాసేవాడు తనకు కనపడినవే కదా రాసేది.

ఆ వెదకడం మనుషుల ద్వారానే జరిగింది. 1774లో జాన్ వెస్లీ బానిసత్వాన్ని ఖండిస్తూ పుస్తకం వేశాడు. క్వేకర్లు అంతకుముందు నుంచే మాట్లాడుతున్నారు. 1780లో న్యూటన్ లండన్‌లో సెయింట్ మేరీ ఉల్నాత్ చర్చికి మారాడు. 1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే యువ ఎంపీ రహస్యంగా వచ్చి, తలుపు కొట్టే ధైర్యం చాలక ఆ చౌరస్తా చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగి, చివరికి లోపలికొచ్చాడు. రాజకీయాలు వదిలేసి దేవుడి సేవకు వెళ్లాలా అన్నది అతని సందేహం. అక్కడే ఉండమన్నాడు న్యూటన్.

1788లో, ఓడ దిగిన 34 ఏళ్లకు, న్యూటన్ ఆఫ్రికా బానిస వ్యాపారం మీద చిన్న పుస్తకం అచ్చేశాడు. మొదట్లోనే తను అందులో పాలుపంచుకున్నానని చెప్పి, బహిరంగంగా సిగ్గుపడటం తన బాధ్యత అన్నాడు. ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వచ్చిందనీ, తను చేసిన కీడును ఇది బాగు చెయ్యలేదనీ కూడా చెప్పాడు. అయిదడుగుల గది, అరలో పుస్తకాల పోలిక వచ్చింది ఇందులోనే. ఎంపీలందరికీ ప్రతులు పంచారు. ప్రీవీ కౌన్సిల్ ముందు, తర్వాత కామన్స్ సభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఒకప్పుడు చేసిన పని గురించి అంత వివరంగా చెప్పగలిగేది చేసినవాడే. ఆ జ్ఞాపకం అప్పుడు పనికొచ్చింది.

దీంతో అన్నీ సరిపోయాయా అంటే నేను చెప్పలేను. ఓడ అడుగున చనిపోయిన వాళ్ల తరఫున క్షమించే హక్కు మనకెక్కడిది? 1790లో భార్య క్యాన్సర్‌తో పోయింది. చూపు తగ్గింది, జ్ఞాపకం సడలింది, అయినా ప్రసంగాలు ఆపలేదు. 1807 మార్చిలో బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 21న, 82 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

సమాధి మీద ఏం చెక్కాలో తనే ముందుగా రాసి పెట్టుకున్నాడు. ఒకప్పుడు నాస్తికుణ్ణి, దుర్మార్గుణ్ణి, ఆఫ్రికాలో బానిసలకు సేవకుణ్ణి, క్రీస్తు దయవల్ల క్షమాపణ పొందినవాణ్ణి అన్నది దాని సారం. బానిసలకు సేవకుణ్ణి అన్నది ఆ దీవి రోజుల గురించి, చాటుగా తనకు తిండి పెట్టిన వాళ్ల మధ్య బతికిన రోజుల గురించి. 1893లో అతని అస్థికల్ని లండన్ నుంచి ఓల్నీకి తరలించారు. అక్కడి రాతి మీద కూడా ఆ మాటలే ఉన్నాయి. కెప్టెన్‌గా చేసిన మూడు ప్రయాణాల ప్రస్తావన అందులో లేదు.