ఉస్మానియా దవాఖాన గీసిన ఎష్ సాబు ముచ్చట

మాది మఠంపల్లి. నేల కింద సున్నపురాయి, నేల మీద సిమెంటు ఫ్యాక్టరీలు. గీ ఊరోన్ని గాబట్టి పాత ఇల్లు మంచిదా, కొత్త ఇల్లు మంచిదా అనే లొల్లి నాకు మా ఇంట్లనే మొదలైంది. పదిహేనేండ్ల కింద మా పెంకుటిల్లు కూలగొట్టి స్లాబు పోసినం. రాతిగోడలు, డంగుసున్నం, ముంగటి అరుగు అన్నీ పోయినయి. వానకు కారుడు ఆగింది, అబద్ధమెందుకు. కానీ ఎండకాలం రాత్రి ఆ స్లాబు కింద పండుకుంటే పొయ్యి పక్కన పండుకున్నట్టే ఉంటది. గందుకే ఇయ్యాల విన్సెంట్ ఎష్ అనే మనిషి గురించి జెప్పాలనిపించింది.

ఆయన పేరు తెల్వకముందే ఆయన కట్టడం నీడల పండుకున్నోన్ని నేను. ఇరవయ్యేండ్ల వయసుల మా నాయినను తోల్కొని ఉస్మానియా దవాఖానకు పోయిన. మే నెల, బయట నిప్పులు కురుస్తున్నయి. వరండాల తువ్వాల పర్సుకొని ఒరిగితే సల్లగ నిద్రవట్టింది. మందపు గోడలు, ఎత్తు కప్పు, పెద్ద పెద్ద కమాన్లు. ఎవరు కట్టిన్రో అప్పుడు అడుగలే. అబిడ్స్‌ల ఆదివారం పాత పుస్తకాలు తిరగేసుకుంట తర్వాతెప్పుడో తెల్సుకున్న.

ఎష్ ఇంగ్లండోడు. 1876ల పుట్టిండు. 1899ల కలకత్తకొచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేల కొలువుకు కుదిరిండు. విక్టోరియా మెమోరియల్ నక్ష విలియం ఎమర్సన్‌దైతే, కలకత్తల ఉండి పని జూసుకున్నది ఎష్. 1914ల నిజాం సర్కారు హైదరాబాదుకు పిలిపించుకున్నది. 1908 మూసీ వరద అప్పటికి పట్నాన్ని ముంచి ఆరేండ్లయింది. ఏటి గట్టున కొత్త కట్టడాలు లేపాలె. కోర్టు గావాలె, బడి గావాలె, దవాఖాన గావాలె.

లండన్ల ఉన్నట్టే ఈడ కట్టి పోతే ఆయన్ను అడిగెటోడు లేడు. కానీ ఆయన ఈ నేల మీద ముందునుంచి ఉన్న గుంబజులు, మినార్లు, కమాన్లనే తీసుకున్నడు. 1916ల లేచిన కాచిగూడ స్టేషన్ జూడుర్రి. పైన గుంబజులు, లోపల ఆ కాలానికి కొత్తదైన కాంక్రీటు. పర్దాల ఉండే ఆడోళ్లు నలుగురి కంట్ల పడకుంట రైలు దిగి పోయేటందుకు వేరే తొవ్వ. రైలు కొత్తది, బతుకు పాతది. రెండింటికీ జాగ ఇచ్చిండు.

హైకోర్టు ఆయనొక్కడిది గాదు. మొదటి నక్ష జైపూర్ శంకర్‌లాల్‌ది, కట్టించిన ఇంజనీరు మెహర్ అలీ ఫజల్. 1920ల తెరిచిన్రు. 1921ల సిటీ స్కూల్ వచ్చింది, ఇప్పుడు సిటీ కాలేజీ అంటున్నం. 1925ల ఉస్మానియా దవాఖాన పూర్తయింది. ఎష్ ఇంగ్లండుకు మళ్లిపోయి 1950ల కన్నుమూసిండు.

ఆయన్ను దేవున్ని జేస్తలేను. నిజాం కొలువు జేసిన తెల్లోడు. ఖర్చైంది జనం కట్టిన శిస్తు, రాళ్లు మోసింది కూలోళ్లు. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు. గందుకే ఆ కట్టడాలు నిజాంవీ గావు, ఎష్‌వీ గావు, మనయి అంటున్న.

మరి మనం ఏం జేసుకున్నం? 2015ల సర్కారు ఉస్మానియాను కూలగొడ్తనంటే జనం అడ్డం తిరిగిన్రు. 2020 జులై వానలకు వార్డులల్ల నీళ్లు జొచ్చి పాత బిల్డింగు ఖాళీ అయింది. 2025 జనవరి 31న గోషామహల్ల కొత్త దవాఖానకు పునాదిరాయి పడ్డది. కొత్తది గావాలె, రోగికి ఆపరేషన్ థియేటర్, లిఫ్టు, ఆక్సిజన్ పైపు గావాలె. దానికి నేను అడ్డం గాదు. పాతదాన్ని పాడువెట్టుడే తప్పంటున్న.

సిమెంటు ఊరోన్నై ఒక మాట జెప్త. సున్నం గోడ లోపలి తడిని బయటికి వదుల్తది. దాని మీద సిమెంటు పూస్తే తడి లోపల్నే ఆగి గోడ పొక్కులు పొక్కి రాల్తది. సున్నంతోని కట్టినదాన్ని సున్నంతోనే బాగు జెయ్యాలె. ఆ పని తెల్సిన మేస్త్రీలు ఇంకా ఉన్నరు, వాళ్లకు పని ఇయ్యుర్రి. బాగైనంక ఆ వరండాలల్ల ఓపీ నడుపుతరో, నర్సింగ్ పిల్లలకు పాఠాలే జెప్తరో, బీదోనికి అక్కరకొచ్చే పనికే వాడుర్రి.

కొత్త ఇల్లు కట్టుకునే మావోళ్లకు గూడ ఒక మాట. స్లాబు పోసుకోర్రి, వద్దంటలేను. ముంగట ఒక అరుగు వదులుర్రి, పడమటి గోడ మందం పెట్టుర్రి, గాలి అటునుంచి ఇటు పోయేటట్టు కిటికీలు పెట్టుర్రి. నాకు పదిహేనేండ్ల కింద గిది జెప్పెటోడు లేకపాయె.