ఊపిరికి లెక్క కట్టిన డాక్టరు

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఒక ప్రపంచ ప్రసిద్ధ శాస్త్రవేత్త తన భౌతికకాయాన్ని రాసిచ్చారు. ఆయన 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన జె.బి.ఎస్. హాల్డేన్. శరీరాన్నే ప్రయోగశాలగా చూడటం ఆయనకు తండ్రి నుంచే అబ్బింది. ఆ తండ్రి పేరు జాన్ స్కాట్ హాల్డేన్. ఇవాళ ఆస్పత్రిలో కొలత ప్రకారం ఆక్సిజన్ అందుతోందంటే అందులో ఆయన పాత్ర పెద్దది.

జాన్ హాల్డేన్ 1860లో ఎడిన్‌బరోలో పుట్టారు. 1884లో వైద్య పట్టా పుచ్చుకుని, మనిషి పీల్చే గాలిపై పరిశోధనకు దిగారు. పేదల ఇరుకు ఇళ్లు, మురుగు కాలువలు, బొగ్గు గనులు అన్నీ తిరిగారు. గని పేలుళ్లలో ఎక్కువ ప్రాణాలు తీస్తున్నది మంటలు కాదు, కార్బన్ మోనాక్సైడ్ అని 1896లో తేల్చారు. ప్రమాదాన్ని ముందే పసిగట్టడానికి చిన్న పిట్టలను వెంట తీసుకెళ్లమని సూచించారు.

ఓసారి కొడుకును కూడా గనిలోకి తీసుకెళ్లారు. పైకప్పు దగ్గర మీథేన్ పేరుకున్న చోట నిలబడి, నాటకంలోని ప్రసంగం అప్పజెప్పమన్నారు. కాసేపటికి పిల్లాడు కూలబడ్డాడు. నేల దగ్గర గాలి బాగుండటంతో తేరుకున్నాడు. మీథేన్ తేలిక, పైకి చేరుతుందన్న పాఠం జన్మలో మరచిపోలేదు.

గాలిలో ఏ వాయువు ఎంత శాతం ఉందో కొలిచే పరికరాన్ని హాల్డేన్ 1898లో మెరుగుపరిచారు. అయితే శాతం ఒక్కటే చాలదు. నిమిషానికి ఎంత గాలి వెళ్తోందో తెలిస్తేనే అసలు లెక్క తేలుతుంది. ఉదాహరణకు, ఒకరు నిమిషానికి 6 లీటర్ల గాలి వదులుతున్నారనుకుందాం. పీల్చే గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం, వదిలేదాంట్లో 17 శాతం. తేడా 3.93 శాతాన్ని 6 లీటర్లతో గుణిస్తే, ఒంటికి పట్టిన ఆక్సిజన్ సుమారు 236 మి.లీ. పీల్చిన గాలి, వదిలిన గాలి పరిమాణం కచ్చితంగా సమానం కాదు. నైట్రోజన్ మాత్రం ఒంట్లో ఖర్చవదు కాబట్టి దాని ఆధారంగా సరిచేస్తే 243 మి.లీ. వస్తుంది. ఈ సవరణను ఇప్పటికీ హాల్డేన్ పేరుతోనే పిలుస్తారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు బారిన పడిన సైనికుల కోసం, కొలిచి ఆక్సిజన్ ఇచ్చే మాస్కును ఆయన రూపొందించారు. 1936లో కన్నుమూశారు.

ఆ లెక్క ఇప్పుడు మన ఇళ్లకూ పనికొస్తుంది. కృత్తివెన్ను లాంటి ఊళ్లోనైనా, బందరులోనైనా ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ ఉంటే, దాని మీటరు చూపేది మొత్తం ప్రవాహాన్నే. 5 లీటర్ల దగ్గర 93 శాతం స్వచ్ఛత ఉంటే అందే ఆక్సిజన్ 4.65 లీటర్లు. ఫిల్టర్లు మూసుకుపోవడం వల్లో, యంత్రం పాతబడటం వల్లో అది 70 శాతానికి పడిపోతే అందేది 3.5 లీటర్లే. మీటరు మాత్రం 5 దగ్గరే ఉంటుంది. అందుకే సర్వీసుకు వచ్చినవారితో ఆక్సిజన్ శాతం కూడా కొలిపించండి. డాక్టరు చెప్పకుండా ప్రవాహం పెంచకండి.