కొట్టులో లెక్కలు రాసిన చిత్రకారుడు



మీ అబ్బాయి మ్యాథ్స్ నోట్‌బుక్ చివరి పేజీల్లో బొమ్మలు కనిపిస్తే ఏం చేస్తారు? కమీల్ పిస్సారో అనే చిత్రకారుడి ఇంట్లో ఈ ప్రశ్న రెండు తరాల పాటు నడిచింది. ఆయన కథ ఒకసారి చదవండి.

పిస్సారో 1830లో కరీబియన్ సముద్రంలోని సెయింట్ థామస్ దీవిలో పుట్టారు. అప్పుడు ఆ దీవి డెన్మార్క్ పాలనలో ఉండేది. వాళ్లది యూదుల కుటుంబం, వ్యాపారస్తులు. పన్నెండో ఏట చదువు కోసం పారిస్ దగ్గరి బోర్డింగ్ స్కూల్లో చేర్పించారు. అక్కడి హెడ్‌మాస్టర్ ఆయన బొమ్మలు చూసి ఇంకా గీయమని ప్రోత్సహించారు. పదిహేడేళ్లకు ఇంటికి రాగానే నాన్న కొట్టు పనిలో పెట్టారు. రేవులో సరుకు లెక్కలు రాస్తూనే, కాస్త ఖాళీ దొరికితే అక్కడి మనుషుల్ని గీసేవారు.

ఐదేళ్లు అలా గడిచాయి. 1852లో ఒక డేనిష్ చిత్రకారుడితో కలిసి వెనిజులా వెళ్లిపోయారు. రెండేళ్లకు తిరిగొచ్చేసరికి నాన్న పట్టు సడలించారు. 1855లో పిస్సారో పారిస్ చేరారు. అక్కడే స్థిరపడినా, చివరిదాకా డెన్మార్క్ పౌరుడిగానే ఉన్నారు.

నాన్న ఒప్పుకున్నారు కదా అని దారి సులువు కాలేదు. 1870లో యుద్ధం వచ్చి కుటుంబంతో లండన్ వెళ్లాల్సి వచ్చింది. అక్కడి రాయల్ అకాడమీ ఆయన చిత్రాలను తిప్పి పంపింది. ఫ్రాన్స్‌లో ఆయన ఇంట్లో శత్రు సైనికులు మకాం పెట్టారు. దాదాపు 1,500 చిత్రాల్లో 40 మాత్రమే మిగిలాయంటారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. మళ్లీ మొదలుపెట్టారు.

1874లో మోనే, రెన్వార్, డెగా వంటి మిత్రులతో కలిసి సొంతంగా ఎగ్జిబిషన్ పెట్టారు. చాలామంది వెక్కిరించారు. 1886 వరకు అలాంటివి ఎనిమిది జరిగితే, ఎనిమిదింటిలోనూ పాల్గొన్నది పిస్సారో ఒక్కరే. సెజాన్, గోగాన్ ఆయన దగ్గర పాఠాలు నేర్చుకున్నారు.

ఇంట్లో మాత్రం డబ్బుకు కటకట. భార్య జూలీ కూరగాయలు పండించి, కోళ్లు పెంచి ఇల్లు నెట్టుకొచ్చారు. పెద్దబ్బాయి లూసియన్ అయినా ఉద్యోగం చేయాలని ఆమె కోరిక. ఇల్లు నడిపే మనిషిగా ఆమె భయంలో న్యాయం ఉంది. అయినా ఐదుగురు కొడుకులూ చిత్రకారులే అయ్యారు.

పిస్సారోకి పెద్ద గుర్తింపు 1892లో వచ్చింది, అరవై దాటాక. అప్పటికే కంటి జబ్బు. బయట గాలిలో, దుమ్ములో నిలబడి వేయలేక హోటల్ గదుల కిటికీల్లోంచి వీధుల్ని చిత్రించారు. 1897లో పారిస్‌లోని మోంమార్త్ర్ బులేవార్‌ని పొద్దున, సాయంత్రం, వానలో, ఎండలో మళ్లీ మళ్లీ వేశారు. 1903లో కన్నుమూశారు.

ఒకప్పుడు ఆయన తలదాచుకున్న లండన్‌లోనే, నేషనల్ గ్యాలరీలో ఆయన చిత్రాలు ఇప్పుడు ఉన్నాయి. ఈ ఆదివారం ఆ మ్యూజియం వెబ్‌సైట్‌లో రెండు చిత్రాలు మీ పిల్లలకు చూపించండి. ఒకటి 1870లో వేసిన ఫాక్స్ హిల్, మంచు పడిన లండన్ శివారు దారి. రెండోది మోంమార్త్ర్ వీధి, రాత్రి దీపాల వెలుగులో. తర్వాత మీ ఇంటి కిటికీలోంచి కనిపించేది గీయమనండి. మార్కులు వేయకండి. పక్కన కూర్చుని చూడండి, చాలు.