వరుస నడుమ నిలిచినవాడు

అమెరికన్ ఫుట్‌బాల్ పేరుకు ఫుట్‌బాలే గాని అందులో కాలికన్నా భుజానికీ తలకూ పనెక్కువ. బంతి పట్టుకొని పరుగెత్తేవాడి పేరు దేశమంతా మారుమోగుతుంది. అతనికి దారి చేయడానికి ఎదుటివాళ్లను ఢీకొట్టే వరుసలోని వాళ్లను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ వరుసకు సరిగ్గా నడుమ నిలిచిన మైక్ వెబ్‌స్టర్‌ను ఈ వారం తలచుకుందాం.

1952లో విస్కాన్సిన్ రాష్ట్రంలో, బంగాళాదుంపలు పండించే ఇంట్లో ఆయన పుట్టాడు. 1974లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆయనను తీసుకునేసరికి అన్ని జట్లూ కలిసి అప్పటికే 124 మందిని ఎంచుకున్నాయి. బంతిని కాళ్ల మధ్యనుంచి వెనక్కి అందించడం, ఆ క్షణమే తలవంచి ఎదుటివాణ్ణి అడ్డుకోవడం ఆయన పని. ఎముకలు కొరికే చలిలో కూడా పొట్టి చేతుల చొక్కాతో ఆడేవాడు. 17 సీజన్లు ఆడాడు, నాలుగు సూపర్ బౌల్ విజయాల్లో భాగమయ్యాడు. అభిమానులు ‘ఐరన్ మైక్’ అన్నారు.

1990 సీజన్‌తో ఆట ముగిసింది. అసలు కథ అక్కడే మొదలైందని మాకనిపిస్తుంది. జ్ఞాపకశక్తి సన్నగిల్లింది, డబ్బు పోయింది, కుటుంబం చెదిరింది. ఒకప్పుడు వేలమంది చప్పట్లు అందుకున్న మనిషి తన పికప్ ట్రక్కులో పడుకున్న రాత్రులున్నాయి. ఊడిన పళ్లను జిగురుతో అతికించుకునేవాడట. మందుల చీటీలు ఫోర్జరీ చేసిన కేసులో 1999లో ప్రొబేషన్ శిక్ష పడింది. ఆ సంగతి దాచి ఆయన జీవితం చెప్పడం న్యాయం కాదు. అంతకు రెండేళ్ల ముందే, 1997లో, ఆయనను హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చి సన్మానించారు. ఆనాటి ప్రసంగంలోనే మాట ఎటెటో వెళ్లిపోయింది.

2002 సెప్టెంబర్ 24న గుండెపోటుతో మరణించాడు. వయసు 50.

శవపరీక్ష చేసింది నైజీరియా నుంచి వచ్చిన బెన్నెట్ ఒమాలు అనే యువ వైద్యుడు. ఆయన ఫుట్‌బాల్ ఎరగడు. భక్తిగల కేథలిక్ విశ్వాసి. పరీక్ష చేసేటప్పుడు చనిపోయినవాళ్లతో మాట్లాడడం ఆయనకు అలవాటు. మా ప్రొటెస్టెంట్ బోధకులకు అది కాస్త ఇబ్బందిగా తోచవచ్చు గాని, ఆ శవం ఆయనకు వట్టి శవం కాదన్నది మాత్రం నిజం. మెదడు పైకి మామూలుగానే కనిపించింది. అక్కడితో కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోవచ్చు. ఆయన వెళ్లలేదు. మెదడును భద్రపరచి, పలుచని ముక్కలుగా కోయించి, స్లైడ్లకు సొంత డబ్బు పెట్టాడు. సూక్ష్మదర్శిని కింద టౌ అనే ప్రోటీన్ గడ్డకట్టి కనిపించింది. ఏళ్ల తరబడి తలకు పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే జబ్బు అది. అంతవరకూ దాన్ని ముఖ్యంగా బాక్సర్లలోనే చూశారు.

2005లో ఒక వైద్య పత్రికలో ఆ సంగతి వెలువడింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ తరఫు వైద్యులు దాన్ని ఉపసంహరించాలన్నారు. పత్రిక ఒప్పుకోలేదు. విచిత్రమేమిటంటే, తలకు తగిలిన దెబ్బలే వెబ్‌స్టర్‌ను పనికి పనికిరానివాణ్ణి చేశాయని లీగ్ పింఛను బోర్డు 1999లోనే అంగీకరించింది! బకాయి సొమ్ముకోసం వేసిన దావా 2006లో అప్పీలు కోర్టులో గెలిచింది. అది అందుకోవడానికి ఆయన లేడు.

ఆటకూ ఆ జబ్బుకూ సంబంధం ఉందని లీగ్ అధికారి ఒకరు అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు ఒప్పుకున్నది 2016 మార్చిలో. వెబ్‌స్టర్ కన్నుమూసి అప్పటికి పదమూడేళ్లు దాటింది.