యల్లాప్రగడ సుబ్బారావు

మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవసారి నెగ్గిన విద్యార్థి యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరమున జన్మించిన ఆయనను, పేదరికముతో పోరాడుచు తల్లి వెంకమ్మగారు చదివించిరి.

యౌవనమున ఆయనకు తీరని దుఃఖము కలిగెను. అన్నయు, తమ్ముడును కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధికి బలియైరి. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి మనుష్యుడు కృశించు వ్యాధి అది. దానికి మందు కనుగొనవలెనన్న పట్టుదల ఆయనను విడువలేదు.

మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియైనందున, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్.తోనే తృప్తిపడవలసివచ్చెను. పిదప కొంతకాలము ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సాయముతో అమెరికాకు వెడలిరి. హార్వర్డులో ఫిస్కుతో కలసి, రక్తమందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఇంతటి ప్రతిభ చూపినను అచ్చట శాశ్వతోద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరిరి.

1945లో అచ్చట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూకు ఔషధము చేకూరెను. కాని కథ అంతటితో ముగియలేదు.

శరీరకణము రెండుగా చీలుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అదుపులేక చీలుచుండు క్యాన్సరు కణమునకు ఆ అవసరము మరింత ఎక్కువ. ఫోలిక్ ఆమ్లమును పోలిన అమినోప్టెరిన్ అను పదార్థమును సుబ్బారావుగారి బృందము తయారుచేసెను. తాళములో దూరి ఇరుక్కొను దొంగ తాళపుచెవివలె, అది కణము పనిని స్తంభింపజేయును. బోస్టనులో డాక్టరు ఫార్బరు దానిని రక్తక్యాన్సరు సోకిన 16 మంది బాలలకు ఇచ్చి, 10 మందికి తాత్కాలికముగా గుణము కనిపించెనని 1948 జూనులో ప్రకటించెను. అంతవరకు ఆ వ్యాధికి మందే లేదు.

దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. లింఫోసైట్లను తెల్లకణములలో పుట్టు క్యాన్సరు లింఫోమా. తరచుగా మెడలోనో, చంకలోనో, గజ్జలలోనో నొప్పిలేని బిళ్ళలుగా అది బయటపడును. మెదడులో పుట్టు లింఫోమాకు మెథోట్రెక్సేటు ముఖ్యౌషధము. దానిని అధికమోతాదులో ఇచ్చి, పిదప ఫోలిక్ ఆమ్లము జాతికే చెందిన ఫోలినిక్ ఆమ్లముతో ఆరోగ్యకణములను కాపాడుదురు. విరుగుడును ఆ కుటుంబములోనిదే!

ఈ ఫలితములనెల్ల చూచుటకు సుబ్బారావుగారు లేరు. స్వదేశమునకు మరలి రాకయే, 1948 ఆగస్టులో, 53వ యేట, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి. సోదరశోకమునుండి పుట్టిన అన్వేషణ, ఆయన చూడని దేశములలో, ఆయనను ఎరుగని రోగులకు ప్రాణదానము చేయుచున్నది.