పానగల్ రాజా

పానగల్ రాజాగా ప్రసిద్ధి చెందిన పానగంటి రామారాయణింగారు (1866 జూలై 9 - 1928 డిసెంబరు 16) జమీందారు, జస్టిస్ పార్టీ నాయకుడు. 1921 జూలై నుండి 1926 డిసెంబరు వరకు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా (ప్రీమియర్) పనిచేశాడు. ప్రభుత్వోద్యోగాలలో వివిధ వర్గాలకు ప్రాతినిధ్యం కల్పించాలని ఉత్తర్వులిచ్చిన తొలి ఎన్నికైన ప్రభుత్వాలలో ఈయనది ఒకటి. నేటి రిజర్వేషన్ల చరిత్రను దక్షిణాదిన ఈ ఉత్తర్వుల నుండి మొదలుపెట్టడం పరిపాటి.

బాల్యము, విద్య

రామారాయణింగారు అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందిన కాళహస్తిలో (నేటి తిరుపతి జిల్లా శ్రీకాళహస్తి) వెలమ జమీందారీ కుటుంబంలో జన్మించాడు. మద్రాసులోని తిరువల్లిక్కేణి హిందూ ఉన్నత పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి ఎం.ఏ. పట్టా పొందాడు. సంస్కృతంలో మంచి పాండిత్యం గలవాడు. 1912 నుండి 1915 వరకు ఢిల్లీలోని కేంద్ర శాసనమండలిలో సభ్యుడుగా ఉన్నాడు.

రాజకీయ జీవితము

1912 నాటి లెక్కల ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో జనాభాలో సుమారు 3 శాతమున్న బ్రాహ్మణులు డిప్యూటీ కలెక్టర్లలో 55 శాతం, జిల్లా మునసబులలో 72 శాతం, సబ్ జడ్జీలలో 83 శాతం మంది ఉండేవారు. ఆంగ్లవిద్యను ముందుగా అందిపుచ్చుకొనడమే దీనికి ముఖ్య కారణం. ఈ అసమానతను ప్రశ్నిస్తూ 1916లో పిట్టి త్యాగరాయ చెట్టి, టి.ఎం.నాయర్, సి.నటేశ మొదలియార్ ప్రభృతులు జస్టిస్ పార్టీని స్థాపించారు. 1917 ఆగష్టులో కోయంబత్తూరులో జరిగిన బ్రాహ్మణేతర మహాసభకు రామారాయణింగారు అధ్యక్షత వహించాడు.

1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించగా జస్టిస్ పార్టీ గెలిచింది. సుబ్బరాయలు రెడ్డియార్ మంత్రివర్గంలో రామారాయణింగారు స్థానిక స్వపరిపాలన శాఖను నిర్వహించాడు. అనారోగ్యంతో రెడ్డియార్ రాజీనామా చేయగా 1921 జూలైలో ప్రధానమంత్రి అయ్యాడు.

ప్రాతినిధ్య ఉత్తర్వులు

1921 సెప్టెంబరు 16న వెలువడిన ఉత్తర్వు కమ్యూనల్ జీవోగా పేరుపొందింది. ఉద్యోగాలు కొద్ది కుటుంబాల చేతిలో చిక్కకుండా వివిధ కులాలకు పంచవలెనన్న సూత్రం రెవెన్యూ శాఖలో 1850ల నుండి కాగితం మీద ఉంది. దానిని అన్ని శాఖలకు విస్తరింపజేయడం, నియామకాల వివరాలను వర్గాల వారీగా ఆరు నెలలకొకసారి పంపవలెనని శాఖాధిపతులను ఆదేశించడం ఈ ఉత్తర్వులోని విశేషాలు. 1922 ఆగష్టులో రెండవ ఉత్తర్వు ఈ సూత్రాన్ని పదోన్నతులకు కూడా వర్తింపజేసింది. 1924లో ఉద్యోగుల ఎంపికకు ఒక బోర్డు ఏర్పడింది. 1929లో ఏర్పడిన మద్రాసు సర్వీసు కమిషన్‌కు ఇది మార్గం వేసింది.

అయితే ఈ ఉత్తర్వులలో నిర్ణీత వాటా లేదు. పైగా ద్వంద్వ ప్రభుత్వ విధానంలో రెవెన్యూ, పోలీసు, న్యాయం వంటి ముఖ్య శాఖలు గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోనే ఉండేవి. అందుచేత ఫలితాలు నెమ్మదిగా వచ్చాయి.

విమర్శలు

వ్యతిరేకుల వాదన ప్రకారం ఉద్యోగానికి యోగ్యతయే కొలమానం కావాలి. కులాన్ని లెక్కలోకి తెస్తే పాలనా సామర్థ్యం తగ్గుతుంది, కులభేదం శాశ్వతమవుతుంది. సమర్థకులు యోగ్యతను తీర్చిదిద్దే చదువే అందరికీ సమానంగా అందనప్పుడు పరీక్షలో సమానత్వం నామమాత్రమేనని, పాలితులలో అధికసంఖ్యాకులకు చోటులేని కచేరీ ప్రజల విశ్వాసం పొందజాలదని బదులిచ్చారు.

అంతకంటే గట్టి విమర్శ పార్టీ లోపలి నుండే వచ్చింది. బ్రాహ్మణేతరులు అనే విశాలమైన పేరు క్రింద లభించిన అవకాశాలు జమీందారులకు, సంపన్న కులాలకే చేరుతున్నాయని, అంటరానివారికి దక్కినది స్వల్పమని దళిత నాయకుడు ఎం.సి.రాజా భావించాడు. 1922లో ఆయన చొరవతో ప్రభుత్వ వ్యవహారాలలో ఆదిద్రావిడ, ఆదిఆంధ్ర అనే పేర్లు అంగీకరింపబడినా, 1923లో పార్టీని వీడాడు. మంత్రులలో తెలుగువారే ఎక్కువని తమిళ సభ్యులు కూడా అసంతృప్తి చెందారు. 1923 నవంబరులో కట్టమంచి రామలింగారెడ్డి ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం మాత్రం వీగిపోయింది.

ఇతర కార్యక్రమాలు

దేవాలయాల ఆదాయవ్యయాలపై పర్యవేక్షణకు ఉద్దేశించిన హిందూ ధర్మాదాయ బిల్లు 1922లో ప్రవేశపెట్టబడి, తీవ్ర వ్యతిరేకత నడుమ 1925లో చట్టమైంది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఈయన హయాంలోనే స్థాపించబడింది. దాని మొదటి ఉపాధ్యక్షుడు అవిశ్వాస తీర్మానం తెచ్చిన రామలింగారెడ్డియే కావడం గమనార్హం.

చివరి దశ

1926 ఎన్నికలలో జస్టిస్ పార్టీ ఓడిపోయింది. తరువాత వచ్చిన సుబ్బరాయన్ ప్రభుత్వం 1927లో నిర్ణీత వాటాలను ప్రకటించింది. ప్రతి 12 ఉద్యోగాలలో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లిములకు 2, క్రైస్తవులు మరియు ఆంగ్లో ఇండియన్లకు 2, అణగారిన వర్గాలకు 1 కేటాయించబడ్డాయి. 1928 డిసెంబరు 16న రామారాయణింగారు మరణించాడు.

ఈ వాటాల పద్ధతిని విద్యాలయాల ప్రవేశాలకు వర్తింపజేసిన ఉత్తర్వును 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. దానితో అదే సంవత్సరం మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 15(4) అధికరణం చేర్చబడి, వెనుకబడిన తరగతులకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వాలకు లభించింది. చెన్నై త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కు, సైదాపేటలోని పానగల్ భవనం ఈయన పేరు మీద ఉన్నాయి.